ఆ స్టేషన్లో దిగనివాడు

సిద్ధార్థ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం పెట్టిన కొన్నాళ్ళకి, నవంబరులో ఒక సాయంత్రం, అతని అక్క లక్ష్మీప్రియ ఫోనుకి స్లొవేనియా నుంచి మెసేజి వచ్చింది.

"మీ తమ్ముడు నన్ను సింగపూరు రమ్మన్నాడు. తన గది ఇస్తానన్నాడు. ఆ మాట ఇంకా చెల్లుతుందా? ఒక్క వారం ఉంటాను. మీ అమ్మగారితో మాట్లాడాలి. ఇరేనా."

తంజోంగ్ పగార్‌లో ఆఫీసు ముగించుకుని రైలెక్కిన లక్ష్మీప్రియ, ఇల్లున్న బుకిట్ బటోక్ వచ్చేదాకా ఆ నాలుగు ముక్కలే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇరేనా ఎవరో ఆమెకు తెలుసు. సిద్ధార్థ ఆఖరిసారి నిద్రపోయిన ఇల్లు ఆవిడది. అస్థికలు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి చూసింది. పొడుగాటి మనిషి, డెబ్భైకి దగ్గరపడిన వయసు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. సిద్ధార్థ బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంచింది. వాటిని అందిస్తూ ఏదో చెప్పబోయి మానేసింది.

ఇంటికి రాగానే తల్లికి చెప్పింది. పాపమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులాగలేదు.

"రమ్మను. వాడు పిలిసినాడు కదా. ఇప్పుడు మనం కాదంటే బాగోదు," అంది.

పాపమ్మ సింగపూరులోనే పుట్టింది. వాళ్ళ తాత యర్రయ్య శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో పనికి కుదిరినవాడు. తాత భాషే ఆమె భాష. అందులో కాస్త తమిళం, కాస్త మలయ్ కలిశాయి. ఒక బడి క్యాంటీన్లో చాలాకాలం వంట చేసి మానేసింది. భర్త పోయాక కూతురూ కొడుకే లోకం. కూతురు పెళ్ళి వద్దంది. కొడుకు ఫిజియోథెరపిస్టు అయ్యాడు. పక్షవాతం వచ్చినవాళ్ళ చేత మళ్ళీ అడుగులు వేయించేవాడు.

అతనికి రైళ్ళంటే పిచ్చి. చిన్నప్పుడు తండ్రి అతన్ని తంజోంగ్ పగార్ పాత స్టేషన్లో మలేషియా వెళ్ళే బండెక్కించి తీసుకెళ్ళేవాడు. ఆ స్టేషను మూతపడిన రోజు సిద్ధార్థ అన్నం తినలేదు. "ఇక్కడ ఏ రైలెక్కినా గంటలో దేశం అయిపోతుందక్కా. సీట్లోంచి లేవకుండా భాష మారిపోయేంత దూరం వెళ్ళాలి," అనేవాడు. అపరిచితుల ఇళ్ళలో ఉచితంగా ఉండనిచ్చే ఒక వెబ్‌సైటులో చేరాడు. ముందు తన గదినే ఎవరెవరికో ఇచ్చి తను హాల్లో పడుకున్నాడు. వచ్చినవాళ్ళకి పాపమ్మ వండిపెట్టేది. కొన్నేళ్ళలా గడిచాక మూడు నెలలు సెలవు పెట్టి తనే బయల్దేరాడు.

పారిస్‌లో దిగి తూర్పు దారి పట్టాడు. స్ట్రాస్‌బర్గ్‌లో ఒక బేకరీ పైన, మ్యూనిక్‌లో రిటైరైన బస్సు డ్రైవరింట్లో, సాల్జ్‌బర్గ్‌లో ఇద్దరు విద్యార్థుల వంటగది నేల మీద పడుకున్నాడు. ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేసి, ఆ ఇంటివాళ్ళ పొయ్యి, గిన్నెలు తల్లికి చూపించేవాడు. పాపమ్మ అడిగేది ఒక్కటే. "ఆలు నీకు పెట్టేరు సరే, నువ్వు ఆలకేటి పెట్టేవు?" అతను పులుసు కాచి పెట్టేవాడు. సింగపూరు టెక్కా మార్కెట్లో కొన్న చింతపండు పొట్లం సంచిలో ఉండేది.

ఆస్ట్రియా దాటి, సొరంగాలలోంచి వెళ్ళే చిన్న బండెక్కి, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో దిగాడు. అక్కడే ఇరేనా ఇల్లు. భర్త లేడు, కూతురు రాజధానిలో ఉంటోంది. ఆవిడా ఒక కుక్కా ఉంటారు. నాలుగు రోజులనుకున్నవాడు రెండు వారాలు ఉన్నాడు. ఒకరోజు పొద్దున, ఇవాళ మధ్యాహ్నం నేను వండుతాను, కొబ్బరికాయ కావాలి, అని చెప్పి రైలెక్కి కింది పట్నానికి వెళ్ళాడు. తిరుగు బండిలో, కూర్చున్న సీట్లోనే, మెదడులో నరం చిట్లి పోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. నిద్రపోతున్నాడనుకుని ఎవరూ లేపలేదు.

*

చాంగీ విమానాశ్రయంలో ఇరేనా చిన్న సంచితో దిగింది. ఇంట్లోకి వస్తూనే, ఎవరూ చెప్పకుండానే, చెప్పులు గుమ్మం బయట విడిచి గోడకి ఆనించి పెట్టింది. పాపమ్మ ఆ చెప్పులకేసి చూసింది. సిద్ధార్థ అలాగే పెట్టేవాడు.

మొదటి రెండు రోజులూ పెద్దగా మాటల్లేవు. పాపమ్మకి క్యాంటీన్ ఇంగ్లీషు వచ్చు. ఇరేనాకీ అంతంతమాత్రం ఇంగ్లీషే. ఇద్దరూ బూన్ లే మార్కెట్టుకి వెళ్ళి చేపలు కొనుక్కొచ్చారు. ఇరేనా కూరలు కోసింది. పాపమ్మ ఆవిడని 'ఇరేనమ్మ' అని పిలిచింది. అయితే ఒక సంగతి లక్ష్మీప్రియ గమనించింది. సాయంత్రం ఏడవుతుందనగా ఇరేనా మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేస్తుంది. వాచీ చూసుకుంటుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. కాసేపటికి వచ్చి మళ్ళీ కూర్చుంటుంది.

మూడోసారి అలా లేచినప్పుడు లక్ష్మీప్రియ అడిగింది. "ఏమైంది ఆంటీ?"

"ఇప్పుడు మా ఊళ్ళో మధ్యాహ్నం," అంది ఇరేనా. "రైలొచ్చే వేళ."

పాపమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి సోఫాలో కూర్చుంది. "ఇరేనమ్మా, సెప్పు," అంది తెలుగులోనే. ఆవిడకి ఆ మాట అర్థమయినట్టే ఉంది. చెప్పడం మొదలుపెట్టింది. పాపమ్మకి అందని చోట్ల లక్ష్మీప్రియ తెలుగు చేసింది.

"రైలు మా ఇంటి వెనక గట్టు మీంచి వెళ్తుంది. స్టేషను రెండడుగుల్లో ఉంటుంది. ఆ రోజు నేనూ కుక్కా గేటు దగ్గర నిలబడ్డాం. బండి ఆగింది. ఎవరూ దిగలేదు. కదిలింది. అప్పుడు కిటికీలో అతను కనిపించాడు, తల అద్దానికి ఆనించి. నిద్రపోయాడనుకున్నాను. నవ్వుతూ చెయ్యి ఊపాను. పై స్టేషన్లో మెలకువ వచ్చి తిరుగు బండిలో వస్తాడులే అనుకుని లోపలికెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టాను." ఇరేనా తన చేతులకేసి చూసుకుంది. "చెయ్యి ఊపేసరికే పోయాడని తర్వాత తెలిసింది."



"మీరు అస్థికలు తీసుకెళ్ళాక మొదలైంది. రోజూ ఆ బండి వెళ్ళగానే గట్టు దిగి ఎవరో వస్తున్న అడుగులు. ఫ్లోకీ, అంటే మా కుక్క, తోక ఊపుతూ లేచి గేటు దగ్గరికి పోతుంది. దానికి పద్నాలుగేళ్ళు. నేను పిలిస్తేనే లేవదు. అడుగులు గేటు దాకా వచ్చి ఆగిపోతాయి. లోపలికి రావు. కొన్నాళ్ళకి మాట కూడా వినిపించింది. అర్థం కాదు. రోజూ అదే మాట."

"ఏం మాట?" అంది లక్ష్మీప్రియ. ఈవిడకి ఒంటరితనం ముదిరి ఇలా అయిందనుకుంటోంది ఆమె.

ఇరేనా కళ్ళు మూసుకుని, జాగ్రత్తగా, ఒక్కో ముక్కా పేర్చినట్టు పలికింది. "అమ్మ... ఒచీసేను."

 చిన్నప్పటినుంచీ లిఫ్టు దిగి కారిడార్లోకి వస్తూ సిద్ధార్థ వేసే కేక అది. అమ్మా, వొచ్చీసేను. ఇంగ్లీషులోనే కాలం గడిపే పిల్లాడికి నోట మిగిలిన కాసిని తెలుగు మాటల్లో అదొకటి. ఆ మాట వాళ్ళింట్లో తప్ప ఎక్కడా అనేవాడు కాదు. ఇరేనా ఇంట్లో అని ఉండే అవకాశమే లేదు. అక్కడ అతనికి అమ్మ లేదు.

పాపమ్మ లేచి ఇరేనా ముందుకి వచ్చి నేల మీద కూర్చుంది. "మల్లీ సెప్పు," అంది. ఇరేనా చెప్పింది. "మల్లీ." మళ్ళీ చెప్పింది. చాలాసార్లు చెప్పించుకుంది. ఆపైన కూతురి వైపు తిరిగింది.

"నానిక్కడ తలుపేసుకోకుండా కూసున్నాను. ఏడాదిపాటు మద్యాన్నం కన్ను మూయలేదు. ఒక్కనాడు, ఒక్క సప్పుడు లేదు. ఆ యమ్మ గేటుకాడికి ఎందుకెల్లేడు?"

 జవాబు కూడా పాపమ్మే చెప్పుకుంది. "మనం కర్మ సేసినాం. పంతులు సెప్పినట్టల్లా సేసి, సముద్రంలో కలిపి, దండం పెట్టి పంపీసినాం. ఆవిడ గేటు తెరిసి ఉంచింది."

ఇరేనా తను వచ్చిన పని అప్పుడు చెప్పింది. "మా అమ్మాయి నన్ను తనతో వచ్చి ఉండమంటోంది. నాకూ ఒంట్లో బాగుండటం లేదు. కానీ నేను వెళ్ళిపోతే, అతను వచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ ఉండరు. నా భాషలో చెప్పాను, ఇంగ్లీషులో చెప్పాను. వినడం లేదు. మీ భాషలో ఒక మాట నేర్పండి. ఇక నువ్వు రానక్కర్లేదు, సుఖంగా వెళ్ళు, అని. అమ్మ చెప్పిన మాటయితే వింటాడు."

*

మర్నాడు ఇద్దరూ వంటగదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. పాపమ్మ ఒక్కో మాట పలికితే ఇరేనా వెనకాలే అంటోంది. హాల్లో ఉన్న లక్ష్మీప్రియకి ఆ మాటలు స్పష్టంగా వినిపించాయి.

"వొచ్చీసినావా నాయినా. కాల్లు కడుక్కో. రా, అన్నం తిందువు."

ఇరేనా ముక్క ముక్కగా అప్పజెప్పింది. నాలుక తిరగని చోట నవ్వింది కూడా. అర్థమేమిటని అడిగితే, సుఖంగా వెళ్ళమని అర్థమే, అని పాపమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. చెప్పి కూతురున్న వైపు చూసింది. ఆ చూపు బతిమాలుతోందో బెదిరిస్తోందో లక్ష్మీప్రియకి తెలియలేదు. నోరు విప్పలేదు.

ఇరేనా స్నానానికి వెళ్ళాక అడిగింది. "అమ్మా, ఆవిడ అడిగిందేంటి, నువ్వు నేర్పిందేంటి? షీ ఈజ్ ట్రస్టింగ్ అస్. ఇట్స్ నాట్ రైట్ లా."

"ఏటి నేర్పాలే? నా బిడ్డని పొమ్మని నా నోటితో సెప్పాలేటి?" పాపమ్మ గొంతు పెంచలేదు. "గేటు కాడ నిలబడున్నాడంట, ఏడాదై. లోనికి రమ్మనీవోలు లేరు. ఎండనకా వాననకా నిలబడున్నాడు. నీకు బాదగా లేదేటి?"

లక్ష్మీప్రియకి బాధగానే ఉంది. అందుకే విమానాశ్రయంలో ఇరేనా తన రెండు చేతులూ పట్టుకుని, మీ అమ్మ మంచి మనిషి, అన్నప్పుడు కూడా నిజం చెప్పలేకపోయింది.

*

ఇరేనా వెళ్ళిన కొద్ది రోజులకి ఫోను చేసింది. చెప్పానంది. రైలు వెళ్ళింది, అడుగులు వచ్చాయి, గేటు తీసి ఆ మాటలన్నీ తప్పుల్లేకుండా చెప్పానంది. కుక్క ముందు నిలబడిపోయిందట. తర్వాత ఎవరి వెనకో నడుస్తున్నట్టు మెల్లగా ఇంట్లోకి వచ్చి, వంటగదిలో బల్ల కింద పడుకుందట.

"ఆ పైన గేటు దగ్గర ఏ చప్పుడూ లేదు. మీ మాట పనిచేసినట్టుంది," అంది ఇరేనా.

పాపమ్మ ఫోను అందుకుని వీడియో పెట్టమంది. వంటగది చూపించమంది. తెరమీద చెక్క బల్ల, ఇనప పొయ్యి, కిటికీ అవతల మంచు పట్టిన కొండ కనబడ్డాయి. బల్ల దగ్గర ఒక కుర్చీ కొంచెం వెనక్కి జరిపి ఉంది. పాపమ్మ దానికేసి రెప్ప వేయకుండా చూసింది.

ఆ మాటలు రోజూ చెప్పాలంది. అప్పటినుంచీ రోజూ సాయంత్రం ఏడుకి ఫోను. పాపమ్మ ఆరున్నరకే తల దువ్వుకుని, చీర మార్చుకుని కూర్చునేది. అవతల మధ్యాహ్నం బండి కూత సన్నగా వినిపించేది. ఇరేనా గేటు దగ్గర ఆ మాటలంటుంటే ఇవతల పాపమ్మ కూడా పెదవులు కదిపేది. తర్వాత ఇరేనా ఫోనుని బల్లమీద కూజాకి ఆనించి తన పని చూసుకునేది. పాపమ్మ ఖాళీ కుర్చీతో మాట్లాడేది. ఇవాళ ఏం వండిందో, కింది ఫ్లాటులో ఎవరు దిగారో, ఎంఆర్‌టీ రైలు ఎందుకు ఆలస్యమైందో చెప్పేది. మధ్యమధ్య ఆగేది, ఎదుటివాళ్ళకి సందిచ్చినట్టు. తర్వాత తల ఊపేది.

ఏడాదిగా నోట్లో ముద్ద సహించని మనిషి ఇప్పుడు తింటోంది. కూరలకి పాసర్‌కి, అంటే మార్కెట్టుకి, వెళ్తోంది. కూతురితో నవ్వుతోంది. లక్ష్మీప్రియ ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి లోపల్నుంచి తల్లి గొంతు వినిపించేది. తమ్ముడు ఉన్న రోజుల్లో వినిపించినట్టే. బయట నిలబడి చెప్పులు విప్పుకుంటూ ఆమె కాసేపు ఆ అబద్ధంలో ఉండేది. లోపలికి అడుగుపెట్టాక భయం వేసేది.

ఒక రోజు తల్లి వెనక నిలబడి తనూ తెర చూసింది. బల్ల కింద ఫ్లోకీ పడుకుని ఉంది. ఉన్నట్టుండి తలెత్తింది. గదిలో ఎవరో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తుంటే చూసినట్టు, దాని కళ్ళు పొయ్యి దగ్గర్నుంచి కిటికీ దాకా మెల్లగా జరిగాయి. కిటికీ దగ్గర ఆగాయి. అక్కడ ఎవరూ లేరు. పాపమ్మ నవ్వుతూ, "కిటికీ కాడికెల్లేడు. రైలొత్తందేమో సూడ్డానికి," అంది.

జనవరి దాటేసరికి ఇరేనా చిక్కిపోయింది. ఇంట్లో కూడా దళసరి కోటు వేసుకుని కనబడేది. ఒక సాయంత్రం పాపమ్మ స్నానం ఆలస్యమై, ఫోను లక్ష్మీప్రియ ఎత్తింది. ఇరేనా గొంతు తగ్గించింది.

"లక్ష్మీ, ఒక మాట అడగనా? నేను సరిగ్గా పలుకుతున్నానా? మీ అమ్మ నేర్పినట్టే రోజూ చెప్తున్నాను. కానీ రోజురోజుకీ అతను ఇంకా లోపలికి వస్తున్నాడు. ముందు వంటగది వరకే. ఇప్పుడు మేడమెట్ల మీద కూడా. పొయ్యిలో ఎంత కట్టె పెట్టినా వంటగది వేడెక్కడం లేదు. అతను చెడ్డవాడు కాదు. నాకు భయం లేదు. కానీ నేను ఏదో తప్పు పలుకుతున్నట్టున్నాను. ఏ మాట తప్పు?"

లక్ష్మీప్రియ ఏదో గొణిగి ఫోను తల్లికి ఇచ్చేసింది. ఆ వారమంతా ఆమెకి అన్నం సహించలేదు. శనివారం మధ్యాహ్నం బ్లాకు కిందికి దిగి, వాయిడ్ డెక్ అనే ఖాళీ కింది అంతస్తులో రాతిబల్ల దగ్గర కూర్చుని, అవతల తెల్లారే వేళ చూసుకుని ఇరేనాకి ఫోను చేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. అమ్మ నేర్పిన మాటలకి అర్థం వెళ్ళమని కాదు, రమ్మని. కాళ్ళు కడుక్కుని అన్నానికి రమ్మని. నాకు తెలుసు. చెప్పలేదు. క్షమించండి.

అవతల పొయ్యి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"అన్నం అంటే అన్నమని నాకు తెలుసు," అంది ఇరేనా. "అతను మా ఇంట్లో వండేటప్పుడు గిన్నె చూపించి చెప్పాడు. వెళ్ళిపొమ్మనే మాటలో అన్నమెందుకుంటుందని మొదటి రోజే అనుకున్నాను. మొన్న ఏ మాట తప్పని అడిగింది మీ నోట నిజం వినాలనే."

"మరి ఎందుకు చెప్తూ వచ్చారు?"

"ఫోనులో మీ అమ్మ నవ్వింది కదా. నా ఇంటికి వచ్చినవాడు నా గేటు ముందు నుంచే పోయాడు. ఆవిడకి నేనివ్వగలిగింది ఇంకేముంది?" ఇరేనాకి దగ్గు వచ్చింది. తగ్గాక అంది. "కానీ లక్ష్మీ, నేను అలసిపోయాను. అతను కూడా అలసిపోయాడేమో. మెట్ల మీద అడుగులు బరువుగా పడుతున్నాయి."

లక్ష్మీప్రియ పైకి వెళ్ళి తల్లికి అంతా చెప్పింది. పాపమ్మ వింటూ బట్టలు మడతపెట్టింది. సాయంత్రం దాకా కూతురితో మాట్లాడలేదు. దీపం పెట్టింది. తల దువ్వుకుంది. ఏడు గంటలు కాగానే తనే ఫోను చేసింది.

అవతల మంచు కురుస్తోంది. ఇరేనా గేటు బయట నిలబడి ఉంది. చలికి ఆవిడతో పాటు తెరంతా వణుకుతోంది. తెర అంచున అడ్డొస్తున్న ఆవిడ వేళ్ళు నల్లగా కమిలి ఉన్నాయి. చేతికి తొడుగు లేదు. తొడుగుతో ఫోను పట్టు చిక్కదని ఎప్పుడో చెప్పింది. ఆవిడ కనుబొమల మీద మంచు పేరుకుంది.

"ఇరేనమ్మా, లోనికెల్లు. సలి," అంది పాపమ్మ ఇంగ్లీషులో.

"రైలు రాలేదింకా," అంది ఇరేనా. "ఇవాళ ఏం చెప్పాలో చెప్పండి. ఏం చెప్పమంటే అదే చెప్తాను. రమ్మంటే రమ్మనే చెప్తాను."

పాపమ్మ ఆ వేళ్ళకేసే చూస్తోంది. ఇన్నాళ్ళూ తను ఆ తెరలో కుర్చీని చూసింది, గేటుని చూసింది. ఫోను పట్టుకున్న మనిషిని చూడలేదు.

బండి కూత వినిపించింది. గట్టు మీద చక్రాల చప్పుడు వచ్చి, ఆగి, మళ్ళీ కదిలిపోయింది. ఫ్లోకీ కష్టమ్మీద లేచి తోక ఊపింది. ఇరేనా ఫోనుని గేటుకేసి తిప్పింది. తెరనిండా మంచు, మధ్యలో తెరిచి ఉన్న చెక్క గేటు.

లక్ష్మీప్రియకి వినిపించింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, అది గాలి కావచ్చు, ఫోను గరగర కావచ్చు, అని తనకి తను చెప్పుకుంది. కానీ ఆ క్షణాన ఆమెకి మాత్రం తమ్ముడి గొంతే వినిపించింది.

"సిద్దూ," అంది పాపమ్మ. ఫోనుకి బాగా దగ్గరగా వంగింది. "నాను. అమ్మని. ఆ దినం రైలు దిగలేకపోయినావు. నీ తప్పు కాదు నాయినా. నిద్దరట్టీసింది, అంతే. కొబ్బరికాయ కొన్నావంట కదా. బాగా వండీవోడివి."

ఆగింది. ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"అది ఇరేనమ్మ ఇల్లు నాయినా, మనది కాదు. సుట్టంగా ఎల్లినావు. బాగా సూసుకున్నాది నిన్ను. ఎవలింటికెల్లినా రోజులు సూసుకుని లేవాల, ఆలు సెప్పకముందే లేవాల, అని నీకు నానే కదా సెప్పినాను. ఆ యమ్మ ముసిల్ది. సలికి వనికిపోతంది. ఇంక లే. నానే ఉండమన్నాను నిన్ను. తప్పు నాది. మనింటికీ రావొద్దు. నా కోసం ఆగొద్దు. అక్క ఉంది నాకు."

లక్ష్మీప్రియ తల్లి భుజం పట్టుకుంది. ఆ ఇంట్లో గుమ్మం దాటే ఎవరికైనా పాపమ్మ ఎల్లిరా అనే చెప్పేది. కింది దుకాణానికి వెళ్ళినా అంతే. చావుకి వచ్చిన బంధువుల్ని కూడా అలాగే సాగనంపింది. 'రా' లేకుండా ఒట్టి 'ఎల్లు' అనే మాట ఆమె నోట కూతురు ఎన్నడూ వినలేదు.

"ఎల్లు," అంది పాపమ్మ. మళ్ళీ గట్టిగా, "ఎల్లు నాయినా," అంది.

తెరమీద ఫ్లోకీ గేటు దాటి రోడ్డు మీదికి నడిచింది. గట్టు మొదలు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడి పైకి చూసింది. ఊగుతున్న తోక మెల్లమెల్లగా ఆగింది. చాలాసేపు అలాగే నిలబడి, వీపంతా తెల్లబడ్డాక, ఒంటరిగా వెనక్కి వచ్చింది. ఇరేనా గేటు మూసింది. గొళ్ళెం పడిన చప్పుడు బుకిట్ బటోక్‌లో ఆ హాలంతా వినిపించింది.

*

మర్నాడు ఇరేనా ఫోను చేసి చెప్పింది. బండి వచ్చి వెళ్ళింది. కుక్క లేవలేదు. వంటగది వేడెక్కింది. పాపమ్మ ఫోను దగ్గరికి రాలేదు. జ్వరంతో పడుకుని ఉంది. చాలా రోజులకి తేరుకుంది. లేచాక మనిషి సగమైంది. సాయంత్రం ఏడుకి ఏం చెయ్యాలో తెలియక, వంటగదికీ హాలుకీ మధ్య తిరిగేది. లక్ష్మీప్రియ ఆఫీసులో మాట్లాడి తొందరగా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఆ వేళకి కిందికి దిగి బ్లాకు చుట్టూ నడిచేవాళ్ళు. మాట్లాడుకునేది తక్కువ. ఒకసారి పాపమ్మ, "నాను సరిగ్గా సెప్పేనా?" అని అడిగింది. "సరిగ్గానే చెప్పావమ్మా," అంది లక్ష్మీప్రియ.

ఏప్రిల్లో ఇరేనా ఇంటికి తాళం వేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫ్లోకీని కూడా తీసుకెళ్ళింది.

మే నెలలో సిద్ధార్థ పేరుకి ఒక మెసేజి వచ్చింది. ఆ వెబ్‌సైటులో అతని పేజీ ఇంకా అలాగే ఉంది. తీసేయడానికి లక్ష్మీప్రియకి చెయ్యి రాలేదు. పోలండు నుంచి ఒక టీచరమ్మాయి, రెండు రాత్రులు మీ గదిలో ఉండనిస్తారా సిద్ధార్థగారూ, అని అడిగింది. ఉన్న సంగతి రాసి కుదరదని చెప్పేద్దామనుకుంది లక్ష్మీప్రియ. పాపమ్మ వద్దంది.

"ఉన్న సంగతి రాయి. రాసి, రమ్మను."

ఆ అమ్మాయి వచ్చింది. నెమ్మదైన పిల్ల. గుమ్మంలో చెప్పులు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది. పాపమ్మ చోటు చూపించింది. గదిలో కొత్త దుప్పటి పరిచింది. రాత్రి పప్పుచారు పెట్టింది.

మర్నాడు పొద్దున ఇడ్లీ వడ్డిస్తూ, "రాత్రి బాగా నిద్దరట్టిందా? ఏదైనా సప్పుడైందేమో అడుగు," అంది కూతురితో.

లక్ష్మీప్రియ అడిగింది. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. అస్సలు లేదు ఆంటీ, ఎంత నిశ్శబ్దంగా ఉందో, నెలకి సరిపడా నిద్రపోయాను, అంది.

"సరి," అంది పాపమ్మ. ఆ అమ్మాయి పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసింది. తర్వాత సింకు దగ్గరికి వెళ్ళి కుళాయి తిప్పి, అటు తిరిగి నిలబడి, ఎంతోసేపు ఒకే గిన్నె కడిగింది.